సిలివ్రియాక్‌కి సాయంత్రపు నీళ్ళు

మంచు ఇంకా పూర్తిగా కరగని ఒక మంగళవారం పొద్దున పాంతెలీ జీవితంలోంచి రకియా వెళ్ళిపోయింది.

అతను బీపీ చూపించుకుని ఊరి వైద్యశాల వరండాలో బల్ల మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. లోపల డాక్టర్ నెదెవా అతని భార్య వెలికాతో ఏదో చెబుతోంది. తలుపు వేసి ఉంది. వెలికా బయటికొచ్చి, తలగుడ్డ బిగించి కట్టుకుని, ఒకే ఒక మాట చెప్పింది.

"బంద్."

"ఏమిటి?"

"రకియా."

"మొత్తమా?"

"చుక్క కూడా లేదు."

"డాక్టరమ్మే అందా?"

"లేదు, దారిన పోయే గాడిద అంది. నడు ఇంటికి."

ఇంటికి చేరగానే ఆమె నేలమాళిగకి తాళం వేసింది. ఆ తాళంచెవిని తన మెడలో ఉన్న సిలువ పక్కన, అదే దారానికి కట్టుకుంది. దాంతో దేవుడూ రకియా ఒకే చోటికి చేరారు. ఇద్దరూ పాంతెలీకి అందని దూరంలోనే ఉన్నారు.

నేలమాళిగ గురించి గొడవ పడదామంటే అది అతనిది కాదు. ఇల్లూ అతనిది కాదు. పాంతెలీ దొబ్రుజా మైదానంలో పుట్టినవాడు. అక్కడ గోధుమ పైరు తప్ప ఎత్తుగా ఏదీ ఉండదు. కుర్రతనంలో సైన్యం పని మీద ఈ రొదోపీ కొండల్లోకి వచ్చాడు, వెలికాని చూశాడు, ఇల్లరికం ఉండిపోయాడు. ఇల్లు మామది. పెరడు మామది. రకియా సారా కాచే ప్లం చెట్లు మామవి. నేలమాళిగలో పీపాల మీద కూడా మామ పేరే చెక్కి ఉంటుంది. ఆ మామ పోయి చాలా ఏళ్ళయింది కాని వంటింటి గోడ మీద పటంలోంచి చూడటం మాత్రం మానలేదు. పాంతెలీ రెండో ముక్క చీజ్ అందుకుంటే ఆ చూపు కాస్త ముదురుతుంది.

అంత ఇంట్లో పాంతెలీకి సొంతమంటూ ఉన్నది ఒక గాజు జాడీ. గడిచిన శరత్తులో రకియా కాచినప్పుడు, ముందుచూపుతో, నిండా పోసి పశువులపాకలో ఎండుగడ్డి కింద పెట్టాడు. ఏ రోజుకి ఏమొస్తుందోనని పెట్టాడు. ఆ రోజు ఇదే.

కాని ఇంట్లో రెండు మేకలున్నాయి. అవి గడ్డి తింటాయి. తింటున్న కొద్దీ జాడీ మెడ బయటికొస్తోంది. పాంతెలీ రోజూ పాకలోకెళ్ళి మేకల వంక బతిమాలుతున్నట్టు చూసేవాడు. అవి నములుతూ తిరిగి అతని వంక చూసేవి.

జాడీకి కొత్త చోటు కావాలి. చోటైతే ఉంది. కొట్టం వెనక, ఉత్తరం వైపు, ఎండ పడని మూల. అక్కడ నాచు తప్ప ఏదీ మొలవదు, పిల్లి తప్ప ఎవరూ పోరు. ఇన్నేళ్ళలో ఆ పెరట్లో పాంతెలీకి నచ్చిన చోటు అదొక్కటే. అయితే వెలికా కన్ను కూడా దాని మీదే పడింది.

"ఈ వేసవిలో కోళ్ళగూడు అక్కడికి మార్చేస్తాను," అని ఆమె రొట్టె కోస్తూ ప్రకటించింది. "ఊరికే పడి ఉంది ఆ మూల."

"ఊరికే పడి ఉండనీరాదూ. ఇంట్లో ఒక్క మూలైనా ఊరికే ఉండకూడదా?"

"ఒకటి ఉంది చాలు," అని ఆమె మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

ఆ మధ్యాహ్నం పాంతెలీ వీధిలోకెళ్ళి పక్కింటి రాతిగోడకి ఆనుకుని ఆలోచనలో పడ్డాడు. ఆ గోడ గ్యుర్గా అవ్వది. ఊళ్ళో ఆవిణ్ణి గంట అంటారు. ఇల్లు చర్చి పక్కనే. ఎవరైనా పోతే చర్చి గంట మోగేలోపే ఆవిడ మోగేస్తుంది.

"ఏరా మైదానం! నా గోడ పడిపోకుండా పట్టుకున్నావా, నువ్వు పడిపోకుండా అది పట్టుకుందా?"

"ఏదో చూస్తున్నానవ్వా. ఈ మొక్కేంటి?"

రాళ్ళ సందుల్లో, గోడకి అతుక్కుని, నూగుగా ఉన్న ఆకుల గుత్తులు పక్కకి తిరిగి పడుకుని ఉన్నాయి.

"ఇన్నేళ్ళుగా ఈ కొండలో తిండి తింటున్నావు, సిలివ్రియాక్ తెలీదా? ఎండాకాలం మొదట్లో ఊదా పూలు పూస్తుంది. లోయలోవి పీకావంటే అడవి జవాను నీ వీపు పగలగొడతాడు. ఇవి మా అత్త నాటినవి."

"దీనికేం కావాలి?"

"నీడ కావాలి. రాయి కావాలి. దాని మానాన దాన్ని ఒంటరిగా వదిలెయ్యాలి. అంతే."

పాంతెలీ ఒక్క క్షణం ఆగిపోయాడు. తనకేం కావాలో ఇంతవరకూ ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. జాడీకి కావలసినవి కూడా సరిగ్గా అవే.

"నాకు నాలుగు పిలకలు ఇస్తావా అవ్వా?"

గ్యుర్గా అవ్వ ఇచ్చింది. నిలువు సందులో పక్కకి పడుకోబెట్టి నాటమంది, ఆకుల మధ్య నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుందంది, ఇంకా చాలా చెప్పబోయింది. పాంతెలీ అప్పటికే ఇంటిదారి పట్టాడు.

మర్నాటి నుంచి రాళ్ళు మోయడం మొదలైంది. వాగు దగ్గర్నుంచి పెరటి దాకా ఎత్తు దారి. మైదానం మనిషి తోపుడుబండి తోస్తూ, ఆగుతూ, రొప్పుతూ, మళ్ళీ తోస్తూ ఎక్కాడు. వెలికా కిటికీలోంచి చూసింది.

"ఏం కడుతున్నావు? నీ సమాధా?"

"రాళ్ళతోట."

"ఏ తోట?"

"రాళ్ళతోట. రాళ్ళ మధ్య కొండపూలు పెంచుతారు. సిలివ్రియాక్."

"ఇన్నేళ్ళలో మిరపకుండీకి ఒక్క చెంబు నీళ్ళు పోశావా?"

"మిరప వేరు, ఇది వేరు. ఇది కొండపువ్వు. సున్నితం."

"నేనూ కొండలో పుట్టినదాన్నే. నాకేం సున్నితం చూపించావు?"

"నిన్ను ఎండలో నాటారు. నీకు అలవాటు."

వెలికా కిటికీ మూసేసింది. పాంతెలీ దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

గోడలా రాళ్ళు పేర్చాడు. సందుల్లో ఆకుమట్టి కూరాడు. పిలకల్ని పక్కకి పడుకోబెట్టి నాటాడు. మధ్యలో, మనిషి మోకాలెత్తున, లోపల ఒక గూడు వదిలాడు. దాని మూతికి ఒక నాపరాయి పలక ఆనించాడు. పలకకి ఒక పక్క వేలు దూరేంత సందు. చర్చి నుంచి తిరిగి రావడానికి వెలికాకి పట్టే సమయంలో జాడీ గడ్డిలోంచి గూట్లోకి చేరింది. చిత్రమేమిటంటే పాకలో జాడీ మీది గడ్డి ఈమధ్య అసలు తగ్గలేదు. మేకలకి కూడా తన మీద జాలి పుట్టిందనుకున్నాడు పాంతెలీ.

ఇక నియమాలు మిగిలాయి. అవి అతను రాత్రి భోజనం దగ్గర, మామ పటానికి వీపు తిప్పి కూర్చుని, ప్రకటించాడు.

"దానికి రోజూ సాయంత్రం నీళ్ళు చిలకరించాలి."

"అలాగా."

"నిదానంగా. పక్కన కూర్చుని. ఒకరే వెళ్ళాలి. ఇద్దరి ఊపిరి తగిలితే దానికి పడదు."

"మాకెవరూ చెప్పలేదు సుమా," అంది వెలికా. "ఈ కొండలో పుట్టి పెరిగాం, మైదానం నుంచి నువ్వొచ్చి చెబితే గాని తెలీలేదు."

"చదువు వేరు, పుట్టుక వేరు," అన్నాడు పాంతెలీ ఉదారంగా.

కోళ్ళగూడు మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

ఆ మర్నాటి నుంచి, పొద్దు కొండ వెనక్కి వాలగానే, పాంతెలీ రేకు నీళ్ళడబ్బా పట్టుకుని కొట్టం వెనక్కి వెళ్ళేవాడు. డబ్బాలో నీళ్ళు ఉండేవి కావు. చోటు లేదు మరి. ఒక చిన్న గ్లాసు, ఒక కత్తి, ఉప్పు పొట్లం, ఉల్లిపాయ, గుడ్డలో చుట్టిన తెల్ల చీజ్, ఆ రుతువులో ఏది దొరికితే అది. మొదట్లో ఊరబెట్టిన క్యాబేజీ. తర్వాత కీరా, టమాటా.

ఎందుకంటే పాంతెలీ తాగేవాడే కాని తాగుబోతు కాదు. ఆ దేశంలో తేడా తెలిసేది అక్కడే. ఉత్త రకియా గొంతులో పోసుకునేవాడు తాగుబోతు. ముందర సలాడ్ పెట్టుకుని, ముక్క కొరికి, గుక్క తాగి, నిట్టూర్చి, మళ్ళీ ముక్క కొరికేవాడు గృహస్థు. దొంగతనంగా తాగుతున్నా సరే, సలాడ్ లేకుండా తాగడం అతని వల్ల కాలేదు. అంత దిగజారడానికి పెద్దగా ఏం జరిగిందని?

ఒక్క గ్లాసే. జాడీ ఒకటే కాబట్టి, మళ్ళీ శరత్తు దాకా అదే సాగాలి కాబట్టి, రెండో గ్లాసు పోసుకోవాలన్న ఊహని అతను ప్రతి సాయంత్రం చేత్తో తోసేసేవాడు. రాతికి వీపు ఆనించి కూర్చునేవాడు. మామ పటం లేదు. మేకలు లేవు. ఈ రాళ్ళు తను మోసినవి. ఈ నీడ తనది. చాలా ఏళ్ళకి మొదటిసారి పాంతెలీ ఒక చోట కూర్చుంటే అది ఇంకొకరి కుర్చీ అనిపించలేదు.

వెలికాకి ఆ వేసవిలో మతిమరుపు మొదలైంది. అది అతనికి బాగా కలిసొచ్చింది. సాయంత్రమయ్యేసరికి వంటింటి గుమ్మం మీద ఒక కడిగిన కీరా, ఒక మగ్గిన టమాటా ఎప్పుడూ మరిచిపోయి లోపలికి వెళ్ళిపోయేది. పాంతెలీ వాటిని డబ్బాలో వేసుకుని, పాపం, ముసలిదైపోతోంది అనుకునేవాడు.

మొక్కలు పూశాయి. ఊదా రంగు పూలు, రాతి సందుల్లోంచి తలలు వంచుకుని. గ్యుర్గా అవ్వ వచ్చి చూసి వెళ్ళింది. ఆవిడ చూస్తే ఊరు చూసినట్టే. ఆ వారమంతా ఆడవాళ్ళు గుంపులుగా వచ్చారు.

"మైదానం మనిషి చేతిలో సిలివ్రియాక్ పూసిందటే!"

"రోజూ సాయంత్రం నీళ్ళు చిలకరిస్తాడట."

"అవునా!" అని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాంతెలీ దాన్ని మెచ్చుకోలు అనుకుని టోపీ సర్దుకున్నాడు.

అతనికి పేరొచ్చింది. ఆ ఊళ్ళో వెలికా మొగుడు అని తప్ప అతనికి ఇంకో పేరు ఉండేది కాదు. ఇప్పుడు వీధిలో వెళ్తుంటే, "పాంతెలీ, మా గులాబీకి పురుగు పట్టింది, ఏం చెయ్యాలి?" అని అడిగేవాళ్ళు. "నీడలో పెట్టండి," అనేవాడు అందరికీ. దేనికైనా అదే మందు. కొందరి మొక్కలు బతికాయి కూడా.

తర్వాత వాన మొహం చాటేసింది. వాగు సన్నబడింది. ఒక సాయంత్రం పాంతెలీ ఉల్లిపాయ కోస్తూ తల ఎత్తి చూస్తే సిలివ్రియాక్ ముడుచుకుని ఉంది. ఇంకొన్నాళ్ళకి గోధుమరంగు తిరిగింది. ఆపైన పొగాకు కాడలా ఎండిపోయింది. ముట్టుకుంటే ఆకు కొస విరిగి వేళ్ళలో పొడి అయింది.

పాంతెలీ నోట్లో ముక్క నమలడం ఆపాడు.

చచ్చిపోయింది. తన మూలలో ఎదిగిన ఒకే ఒక్క ప్రాణి చచ్చిపోయింది. నీళ్ళు పోసి చూద్దామా అన్న ఆలోచన వచ్చింది కాని అతను గోధుమ దేశం వాడు. ఎండిన కంకికి నీళ్ళు పోసినవాణ్ణి అతనెప్పుడూ చూడలేదు.

"పూలు ఎలా ఉన్నాయి?" అని ఆ రాత్రి వెలికా అడిగింది.

"బ్రహ్మాండం."

"రోజూ నీళ్ళు పోస్తున్నావుగా."

"పోయకపోతే ఎలా?"

"పోయకపోతే దాని మొహమే చెబుతుందిలే," అంది వెలికా, బీన్స్ ఒలుచుకుంటూ.

అసలు చిక్కు అది కాదు. సెయింట్ పాంతెలీమోన్ పండగ దగ్గర పడింది. అంటే ఆ సెయింట్ పేరు పెట్టుకున్న పాంతెలీకి పేరు రోజు. పేరు రోజుకి ఎవర్నీ పిలవరు. గుర్తున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చేస్తారు. వచ్చినవాళ్ళకి పెట్టాలి, రావద్దనడానికి లేదు. ఈసారి ఊరంతటికీ గుర్తుంది. గ్యుర్గా అవ్వ అప్పుడే వీధి కొసనుంచి అరిచేసింది: "పాంతెలీ, నీ పేరు రోజున నీ రాళ్ళతోట దగ్గరే ఫొటో దిగుదాం!"

వస్తారు. చూస్తారు. రోజూ నీళ్ళు పోసినవాడి మొక్క ఎండిపోవడమేమిటంటారు. మరి సాయంత్రాలు అక్కడేం చేస్తున్నాడంటారు. ఎవరో ఒకరు నాపరాయి మీద చెయ్యి వేస్తారు. కోళ్ళగూడు వస్తుంది. జాడీ పోతుంది, మూల పోతుంది, అతను మళ్ళీ మామ పటం కింద కూర్చుని మేకలతో మాట్లాడుకోవాలి.

కొత్త మొక్కలు కావాలి. లోయలో పీకడానికి అడవి జవాను భయం. గ్యుర్గా అవ్వని అడిగితే ఊరు ఊరంతా మోగుతుంది. దిగులుతో పాంతెలీ వైద్యశాలకి వెళ్ళాడు. ఎలాగూ బీపీ చూపించుకునే రోజు.

డాక్టర్ నెదెవా పట్టీ బిగించి, గాలి కొట్టి, ముల్లు చూసి, మళ్ళీ చూసింది.

"ఏం చేస్తున్నారు మీరు? చాలా తగ్గింది!"

"పూలు పెంచుతున్నానమ్మా," అన్నాడు పాంతెలీ. అంటూనే అతని చూపు కిటికీ మీద పడి అక్కడే అతుక్కుపోయింది.

కిటికీ గట్టు మీద మూడు కుండీలు. నూగు ఆకులు, గుండ్రంగా పరుచుకున్న గుత్తులు, మధ్యలో ఊదా పూలు. ఇంట్లో పెంచుకునే ఆఫ్రికా వయొలెట్లు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే, అందులోనూ కళ్ళు చికిలించి చూస్తే, సిలివ్రియాక్‌కి అక్కాచెల్లెళ్ళు.

"డాక్టరమ్మా, ఈ పూలకి ఎండెక్కువైంది."

"అవునా? నాకూ అనుమానంగానే ఉంది. ఆకులు పాలిపోతున్నాయి."

"కొన్నాళ్ళు నా దగ్గరుంచండి. నీడలో పెడతాను."

"మీ చెయ్యి మంచిదని ఊరంతా అంటున్నారు. తీసుకెళ్ళండి, తీసుకెళ్ళండి!" అని ఆమె తనే వాటిని అట్టపెట్టెలో సర్ది ఇచ్చింది.

పండగ ముందు రోజు మధ్యాహ్నం, వెలికా పిండి కొనడానికి వెళ్ళినప్పుడు, పాంతెలీ ఎండిన మొక్కల్ని సందుల్లోంచి లాగేశాడు. ఎక్కడ పారెయ్యాలో తోచక కొట్టం చూరు కింద ఉన్న పాత రేకు తొట్టిలో పడేసి పైన ఒక గోనె కప్పాడు. కుండీల్ని రాళ్ళ మధ్యలో దూర్చి చుట్టూ నాచు కుక్కాడు. మూడో కుండీకి చోటు చాల్లేదు. నాపరాయి పలకని కాస్త పైకి లేపి దాని కిందే ఇరికించాడు. దూరంగా నిలబడి, కళ్ళు చికిలించి చూశాడు. వసంతం మళ్ళీ వచ్చినట్టుంది.

ఆ రాత్రి వాన పడింది. అన్నాళ్ళు దాచుకున్నదంతా ఒకేసారి పోసింది. చూరు ధారలు కట్టింది. పాంతెలీ దుప్పటి ముసుగు తన్ని, దుమ్ము అణిగింది, అతిథులకి చల్లగా ఉంటుంది అనుకుని హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే బల్లలు వెయ్యడం, కుర్చీలు అరువు తేవడం, వెలికా కేకలకి అటూ ఇటూ పరిగెత్తడం సరిపోయింది. రాళ్ళతోట వైపు తొంగిచూసే తీరికే దొరకలేదు. మధ్యాహ్నానికి పెరడంతా జనం. బంగాళాదుంప తురిమి కాల్చిన పతాత్నిక్, చీజ్ పెట్టిన బానిత్స, వేయించిన మిరపకాయలు. డాక్టర్ నెదెవా కూడా వచ్చింది. పాంతెలీ ఆవిణ్ణి కొట్టానికి వీపు పెట్టేలా కూర్చోబెట్టి, పళ్ళెంలో నాలుగో పతాత్నిక్ ముక్క వేశాడు.

"నా పూలు ఎలా ఉన్నాయి?"

"నిద్రపోతున్నాయమ్మా. ముందు మీరు తినండి."

సరిగ్గా అప్పుడు కొట్టం చూరు కింద గంట మోగింది.

"ఎవడ్రా ఇది! సిలివ్రియాక్‌ని బట్టల్లా నానబెట్టింది ఎవడు?"

గ్యుర్గా అవ్వ చేతులు కడుక్కోవడానికి తొట్టి మీది గోనె తీసింది. తొట్టినిండా వాననీళ్ళు. నీళ్ళ మీద, వేళ్ళతో సహా తేలుతూ, పచ్చగా, నూగునూగుగా, అప్పుడే నిద్రలేచినట్టు ఆకులు చాపుకుని, సిలివ్రియాక్ మొక్కలు.

పాంతెలీ చేతిలో పతాత్నిక్ గరిటె జారింది.

"అది... అది చచ్చిపోయింది కదా!"

"చావడమా?" గ్యుర్గా అవ్వ ఒక మొక్కని జుట్టు పట్టుకున్నట్టు పట్టుకుని పైకెత్తింది. నీళ్ళు కారుతున్నాయి. "మా అత్త దీన్ని ఎండబెట్టి పెట్టెలో పడేసి మరిచిపోయింది. మళ్ళీ తీసి తడిపితే లేచి కూర్చుంది. చావడం దీనికి చేత కాదురా మైదానం! వాన లేకపోతే ఎండి పడుకుంటుంది, వానొస్తే లేస్తుంది. అది సరే, ఇవి ఇక్కడుంటే నీ రాళ్ళల్లో ఉన్నదేమిటి?"

అందరూ లేచారు. పళ్ళేలు చేత్తో పట్టుకునే లేచారు. పాంతెలీ కొట్టం మూలన చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"వద్దు! ఇంతమంది ఊపిరి తగిలితే దానికి పడదు!"

అతని చంక కింద నుంచి మొదట గ్యుర్గా అవ్వ దూరింది. వెనకే ఊరు దూరింది.

రాళ్ళతోటలో వసంతం కుళ్ళిపోయి ఉంది. రాత్రంతా చూరునీళ్ళు నెత్తిన పడి ఆఫ్రికా వయొలెట్లు ఉడికిన పాలకూరలా రాళ్ళకి అంటుకుని వేలాడుతున్నాయి. ఒక్క పువ్వు మాత్రం, నాచులోంచి, ఊదాగా, నిందిస్తున్నట్టు చూస్తోంది.

డాక్టర్ నెదెవా జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఇవి నావి!"

"వైద్యం జరుగుతోందమ్మా..."

"ఇదా వైద్యం? నా దగ్గరికొచ్చే రోగులకి నేనిలా చేశానా?" అంటూ ఆమె వంగి, నాపరాయి కింద ఇరుక్కున్న కుండీని పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

కుండీ వచ్చింది. దాని మీద నిలబడి ఉన్న పలక కూడా వచ్చింది. పలక పక్కకి వాలి, నిదానంగా, మర్యాదగా నేల మీద పడుకుంది.

గూట్లో జాడీ. సగానికి పైగా దిగిన జాడీ. పక్కన బోర్లించిన చిన్న గ్లాసు, కత్తి, ఉప్పు పొట్లం, నిన్నటి కీరా తొడిమ.

ఊరంతా మెడలు చాచి చూసింది. ఎక్కడో ఒక కోడి మాత్రం ఏదో అంది.

పాంతెలీ టోపీ తీసి చేత్తో నలిపాడు. కోళ్ళగూడు కళ్ళ ముందు కనపడింది.

వెనకనుంచి జనం పక్కకి తప్పుకున్నారు. వెలికా వచ్చింది. చేతిలో పెద్ద గిన్నెడు సలాడ్. కీరా, టమాటా, ఉల్లిపాయ, పైన తురిమిన తెల్ల చీజ్. గిన్నెని రాతి మీద పెట్టి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది.

"హమ్మయ్య," అంది. "ఇక గుమ్మం మీద దొంగచాటుగా కీరాలు పెట్టే పని తప్పింది."

పాంతెలీ గిన్నె వంక, ఆమె వంక చూశాడు.

"నీకు... తెలుసా?"

"పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్నాను. పక్కన రకియా లేకుండా నువ్వెప్పుడైనా కీరా ముక్క నోట్లో పెట్టుకున్నావా? రోజుకొకటి మాయమవుతుంటే కుందేలనుకోమంటావా? పాకలో జాడీ బయటపడుతుంటే ఎవరు గడ్డి కప్పారనుకున్నావు, మేకలా?"

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"నన్నడుగుతావేం? డాక్టరమ్మని అడుగు."

డాక్టర్ నెదెవా వాడిన వయొలెట్‌ని గుండెకి హత్తుకుని, అయోమయంగా చూసింది. "నేనేమన్నాను? రోజుకి ఒక చిన్న గ్లాసు, దాంతోపాటు పచ్చికూరలు, కాస్త ఎత్తు ఎక్కే నడక ఉంటే పరవాలేదన్నాను. మార్చిలోనే చెప్పాను కదా వెలికా?"

పాంతెలీ భార్య వైపు తిరిగాడు.

"బంద్ అన్నావు! చుక్క కూడా లేదన్నావు!"

"ఒకటి తాగొచ్చంటే నువ్వు నాలుగు తాగేవాడివి. అసలు లేదన్నాను, అందుకని ఒకటి తాగావు. లెక్కపెట్టుకుని మరీ తాగావు. నడవమంటే నడిచేవాడివా? వాగు దగ్గర్నుంచి కొండెక్కి రాళ్ళు మోశావు. పచ్చికూరలు తినమంటే తినేవాడివా? చూశావుగా మరి, బీపీ ఎలా దిగిందో."

"అంటే ఇదంతా... మందా?"

"రోజుకో గ్లాసు మందు. నీకు తెలీకుండా వేసుకున్నావు."

ఊరు అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. గ్యుర్గా అవ్వ రాతి మీద కూలబడి, తడి సిలివ్రియాక్‌తోనే కళ్ళు తుడుచుకుంది. డాక్టరమ్మ కూడా నవ్వింది కాని కుండీ వంక చూసినప్పుడల్లా ఆపేసింది. పాంతెలీ తను పేర్చిన రాళ్ళలో ఇంకో రాయిలా నిలబడ్డాడు. ఇన్ని సాయంత్రాలు తను చేసిన తిరుగుబాటు అంతా వైద్యశాల చీటీ ప్రకారం జరిగింది. దాన్ని మించిన అవమానం అతనికి తట్టలేదు.

వెలికా వంగి గూట్లోంచి గ్లాసు తీసింది. ఏప్రన్‌తో తుడిచి, జాడీ వంచి, నిండా పోసి, అందరి ముందూ అతని చేతికిచ్చింది.

"పేరు రోజు శుభాకాంక్షలు. ఇవాళ్టి మందు."

అతను తాగాడు. అదే జాడీ, అదే రకియా. మొదటిసారి చేదుగా అనిపించింది.

"మరి కోళ్ళగూడు?" అని మెల్లిగా అడిగాడు.

"ఇక్కడ సూర్యుడే రాడు, కోళ్ళేం గుడ్లు పెడతాయి?" అంది వెలికా. "అలా అంటే నువ్వు కదిలి ఏదో ఒకటి కడతావని అన్నాను. మూల నీదే. ఉంచుకో."

డాక్టరమ్మకి కొత్త వయొలెట్లు కొనిచ్చారు. సిలివ్రియాక్‌ని మళ్ళీ రాళ్ళ సందుల్లో నాటారు. అది ఏమీ జరగనట్టు ఆకులు చాపుకుని కూర్చుంది.

మర్నాడు సాయంత్రం పాంతెలీ అలవాటుగా డబ్బా పట్టుకుని కొట్టం వెనక్కి వెళ్ళాడు. ఇక దాపరికం లేదు. మూల తనది, రాళ్ళు తనవి, గ్లాసు తనది. రాతికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఊపిరి పీల్చుకున్నాడు.

వెనక ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడైంది. వెలికా. ఒక చేత్తో కుర్చీ, ఇంకో చేత్తో సలాడ్ గిన్నె.

"కాస్త జరుగు," అంది. "నాకూ ఇక్కడ చల్లగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలీలేదు."

కుర్చీ వేసుకుంది. గ్లాసులో కొలిచి పోసింది. తర్వాత ఇంటి కప్పు గురించి, మేకల గిట్టల గురించి, గ్యుర్గా అవ్వ మోకాళ్ళ గురించి, వచ్చే చలికాలం కట్టెల గురించి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా చెప్పింది. ఆ రోజు నుంచి రోజూ చెబుతోంది.

సిలివ్రియాక్‌కి నీడ కావాలి, రాయి కావాలి, ఒంటరితనం కావాలి. పాంతెలీకి నీడా రాయీ మిగిలాయి.